నీలి గీత

తుఫాను ఇంకా పుట్టలేదు.
అయినా డోర్లిటా మేడమ్ టేపు బయటికి తీసింది.
రంగు డబ్బా మోసేది నేను.

సమర్ దీవి తూర్పు ఒడ్డున
నూట పన్నెండు గడపలు మావి.
పొద్దుటి నుంచీ ఇంటింటికీ ఆగుతూ వస్తున్నాం.

ఆమె కాగితంలో ఉన్నది: రెండు పాయింట్ ఆరు మీటర్లు.
"అంటే ఎంతమ్మా?" అన్నాడు
ఎండుచేపలు తిరగేస్తున్న మకారియో.
రెండు పాయింట్ ఆరు, అంది మళ్లీ.
మర్యాదకి తలూపి
అతను చేపలు తిప్పుకున్నాడు.

అప్పుడు కాగితం మడిచి జేబులో పెట్టి
అతని పక్కనే నిలబడి చేత్తో చూపించింది.
చీలమండ. ఇంతైతే నవ్వుకుంటూ నడిచొస్తావు.
మోకాలు. చెప్పులు పోతాయి.
మొలలోతు. నీ మనవరాలు నీ భుజమెక్కాలి.
పీకలోతు...
అక్కడితో ఆగలేదు.
చెయ్యి చాలక, నా కుంచె లాక్కుని
అతని నెత్తి దాటి, ద్వారబంధం పైకమ్మి దాటి
మేరీమాత గూటి దాకా ఎత్తింది.

చాలాసేపు చూశాడు మకారియో.
"ఆవిడ పాదాలు తడుస్తాయా?"
"మొహం కూడా."

నిచ్చెన వేసుకుని గీశాను.

ముసలి యూఫ్రోసినా మాత్రం గోడకి అడ్డం నిలబడింది.
పోయిన నెలే సున్నం కొట్టించిందట.
"అరవై ఏళ్లుగా ఎరుగుదును దాన్ని.
ఇంట్లోకొచ్చేదైతే చెప్పే వస్తుంది."
"ఆ చెప్పడానికే వచ్చాం" అంది మేడమ్.
ఆమె ఇల్లు ఎత్తరుగు మీద. గీత క్యాలెండరు దగ్గరికొచ్చింది.
సరే, దాని వెనకాల గీసుకోండి, కనపడకుండా, అంది.

అక్టోబరులో పుట్టింది.
కొండమీది బడిలో రెండు రాత్రులు అందర్నీ పడుకోబెట్టాం.
అది ఉత్తరానికి తిరిగిపోయింది.
ఒకరి పంది కనపడకుండా పోయింది.
ఆ పందిని ఇప్పటికీ మా లెక్కలోనే రాస్తారు.
నన్ను చూస్తే పిల్లలు "ఒట్టి గీతా!" అని అరిచేవారు.
మేడమ్ తన పుస్తకంలో రాసుకుంది:
అరవై కిలోమీటర్లు తప్పాను.
కింద ఇంకేమీ రాయలేదు.

తర్వాత్తర్వాత, ఎవరూ చెప్పకుండానే,
వస్తువులు గోడ ఎక్కడం మొదలుపెట్టాయి.
ప్లాస్టిక్ సంచిలో పుట్టిన తేదీల కాగితాలు,
రేడియో, పెళ్లి ఫోటో, పడవ ఇంజను తాళం
ఒక్కొక్కటీ నీలం దాటి దూలానికి వేలాడాయి.

కొత్త సంవత్సరం క్యాలెండరు తగిలించమని
యూఫ్రోసినా నన్ను పిలిచింది.
పాతది తీశాను.
నా గీత అక్కడే ఉంది, రంగు చెదరకుండా.
దానికి జానెడు పైన
బొగ్గుతో ఇంకో గీత, వంకరగా.

"ఎరుగుదునని చెప్పాగా" అంది.
మేకు ఇంకాస్త పైకి కొట్టమంది.