కోర్టు ఎదురుగా, టైపు మిషను దగ్గర

చిత్తూరు కోర్టు గేటుకు ఎదురుగా
జెరాక్సు అంగడికీ టీ బంకుకీ నడుమ
ఒక బల్ల, ఒక గొడుగు, ఒక తెలుగు టైపు మిషను,
ఇరవై రెండేండ్లుగా నేను.
మిషనులో ‘ళ’ సగమే పడుతుంది.
విడాకులకు ‘ళ’తో పనిలేదని
బాగు చేయించలేదు.
‘పెళ్ళి’ అన్నచోటా
‘వెళ్ళిపోయింది’ అన్నచోటా
పెన్నుతో దిద్దుకుంటా.

లాయరును అడగడానికి మొగమాటపడేది
నన్ను అడుగుతారు.

నోటీసు తీసుకోకుంటే కేసు ఆగిపోతాదా అక్కా?
నువ్వు రాలేదని ఆగడానికి ఇది పెళ్ళా నాయనా?
నువ్వు లేకుండానే జరిగిపోతాది.

ఇద్దరమూ ఒప్పుకున్నాం గదా,
ఈపొద్దే ఇచ్చేస్తే ఏం?
ముందు ఏడాది వేరుగా ఉండాల.
అర్జీ ఇచ్చినాక మామూలుగా ఇంకో ఆరునెల్లు
ఆలోచించుకోమంటారు.
పెళ్ళిచూపులప్పుడు
ఒక కాఫీ చల్లారేంత సేపు కూడా
ఎవరూ ఆలోచించమనలేదు మరి.

కొండమీద చేసుకున్నాం, కార్డు కొట్టించలేదు,
పెళ్ళయిందని చూపించేది ఎట్ల?
అది అడిగినాయప్ప
రసీదు కోసం పాత పర్సంతా బల్లమీద దులిపితే
తలనీలాల టోకెను పడింది.
ఆయప్పకే నవ్వొచ్చింది.

నాలుగేండ్ల బిడ్డ ఎవరికి అంటే
ఆ వయసులో ఎక్కువగా తల్లికే ఇస్తారని చెప్తాను,
చెప్తా చెప్తా ఆ పక్కకు చూడను.
బిడ్డ అక్కడే ఉంటాడు
నా కార్బను కాగితం మూతికి పూసుకొని
మీసాలొచ్చినాయని చూపిస్తా.

జూన్ నెల. గుజ్జు ఫ్యాక్టరీల ముందర
తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరే కాలం.
గుడిపాల పక్కనుంచి అముద వచ్చింది.
మామిడి జీడి తగిలి చేతులంతా మచ్చలు.
ఇద్దరి ఒప్పుదల అర్జీ.
వయసు చెప్పింది, పెళ్ళి తేదీ చెప్పింది,
భరణం వద్దని చెప్పింది,
బీరువా కూడా వద్దంది.
తర్వాత గొంతు తగ్గించి,
“ఒకటి అడుగుతా, నవ్వద్దక్కా.
ఆయనతో తెగతాది, సరే.
మా అత్తతో కూడా తెగాల్నా?”

కుప్పమ్మకు చక్కెర జబ్బు.
వేలూరులో కాలివేళ్ళు రెండు తీసేసినారు.
మొగుడు టమోటా లారీ ఎక్కి పోయినాక,
షిఫ్టు దిగి, రెండు బస్సులు మారి,
కట్టు మార్చి వస్తా ఉండాది ఈమె,
వేరుపడిన ఏడాదిన్నరగా.
“తీర్పు వచ్చినాక ఆ ఇంట్లో కాలు పెడితే
తప్పవుతాదా?”

లాయరు పుస్తకం తిప్పలేదు. కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.
“పొమ్మనే సెక్షను లేదమ్మా,
వద్దనే సెక్షనూ లేదు.”

టీ బంకు దగ్గరనుంచి దొరస్వామి వచ్చినాడు.
ఆమెను చూడలేదు, మిషనును చూసినాడు.
“తాళం కిటికీ సందులోనే ఉంటాదని
రాయక్కా.”

కొట్టినాను.
పదో పేరా, సింగిల్ స్పేసు.
లాయరు చదివి, ఎర్రపెన్నుతో అడ్డంగా గీసి,
“ఇది కోర్టుకు ఎందుకు?” అన్నాడు.
నిజమే. కోర్టుకు ఎందుకు.

మళ్ళా కొట్టిచ్చినాను, తొమ్మిది పేరాలతో.
ఇద్దరూ సంతకాలు చేసినారు.
ఆమె పేరు ‘అముద దొరస్వామి’ అని మొదలుపెట్టి
సగంలో ఆగి, మమ్మల్నందరినీ చూసి,
పూర్తి చేసేసింది.

గీసేసిన కాగితం చించెయ్యాల్సింది.
బల్ల సొరుగులో వేసినా.
పెన్ను తీసుకున్నా గానీ
తాళంలో ‘ళ’ను దిద్దబుద్ధి కాలేదు,
సగం తెరిచినట్టుండాది.

అక్కా, స్టాంపు పేపరు ఎంతది తేవాల,
ఎవరో అడుగుతా ఉండారు.