ఉప్పుగాలి ఎత్తు

కొనే ముందు వాసన చూడాలి.
బోర్లించి, సెల్లుల గది మూత తీసి,
ముక్కు ఆనించి.
చేదుగా తగిలితే లోపల ఏదో కారిందని.
ఏ వాసనా లేకపోతే
ఎవడో తుడిచి అమ్ముతున్నాడని.

ఈ ఊళ్ళో ఏ వస్తువునైనా ముందు ఉప్పు వాడుకుంటుంది,
తర్వాతే మనిషి.
అందుకే బీచ్ రోడ్డు మేడల్లో అద్దాల వెనక మెరిసినవాటికంటే
కొండకి అవతల అడవివరంలో
చీరల అడుగున నిద్రపోయిన చదరంగం పెట్టెలు మేలు.
ఇరవై ఏళ్ళలో నేను నేర్చుకున్నది ఇంతే.

గాజువాక ఇంట్లో పదకొండున్నాయి.
ఒకటి ఎత్తెత్తుకీ కీచుమంటుంది.
ఒకటి తెల్లార్లూ ఆలోచించి
బంటుని ఒక్క గడి జరుపుతుంది.
నేను బి షిఫ్టు దిగి వచ్చేసరికి
ఎర్రదీపం నాకోసం మేలుకుని ఉంటుంది.
చేతిలో ఫోను వీటన్నిటినీ కట్టగట్టి ఓడిస్తుంది, తెలుసు.
దానితో ఆడితే గోడతో తగువు పెట్టుకున్నట్టుంటుంది.
ఇవి పొరబడతాయి.
మంత్రిని అప్పనంగా ఇచ్చేసి
ఏమీ ఎరగనట్టు కూర్చుంటాయి.

మొన్న కురుపాం మార్కెట్ వెనక
గరికిన దానయ్య పాతసామాన్ల కొట్టులో రెండు కనిపించాయి.
"ఏటి బాబూ అలా సూత్తావు,
రెండూ ఒకటే రేటు, ఏదోటి అట్టుకెల్లు."
ఒకటి టేకు బల్ల, ముప్ఫై రెండు పావులూ పదిలం,
గీత పడలేదు.
రెండోది నల్ల ప్లాస్టిక్కు, మూల బీడీ కాలిన మచ్చ.
సంచిలో తెల్లగుర్రం ఒకటి తక్కువ.
దాని బదులు ఏటికొప్పాక గుర్రం,
పసుపూ ఎరుపూ లక్క,
కాళ్ళ కింద పాత స్పీకరు అయస్కాంతం ముక్క అతికించి ఉంది.

అడుగున మేకుతో గీసిన పేరు: గనగళ్ళ పోలిరాజు.
పేరు కింద పెన్సిలు:
మూడో మెట్టు, ఓడాను.
మూడో మెట్టు, ఓడాను.
మూడో మెట్టు, ఓడాను.
లెక్కపెట్టడం మానేశాను.

"టగ్గు మీద పన్జేసీవోడు," అన్నాడు దానయ్య.
"ఓడొచ్చేదాకా పనుండదు గదా."
మీట నొక్కాను.
కొనప్రాణంతో ఉన్న సెల్లులు.
దీపం ఒకటి వెలిగి, నీ వంతు అంది.

టేకు బల్ల అక్కడే వదిలేశాను.

ఇంటికొచ్చి మూత తీస్తే
సెల్లుల చుట్టూ పచ్చటి పొక్కు.
ఇంకో నెల ఉంచితే తీగలు తినేస్తుంది.
తీస్తే పోలిరాజు ఆట పోతుంది.
కరెంటు తోక ఎప్పుడో తెగింది.

రాజు గుర్తు నొక్కాను. రాజున్న గడి వెలిగింది.
ఏనుగు నొక్కాను. రెండు దీపాలు.
కొడిగడుతున్న వెలుతురులో
కరెంటు బిల్లు వెనక గడిగడికీ రాసుకుంటూ పోయాను,
మా మంగతాయారు టార్చి పట్టుకుంది.
రాయడం అయ్యాక గాని చూళ్ళేదు.
తెల్లది అతనిది. గెలుస్తున్నాడు.
మూడో మెట్టు మీద, మొదటిసారి.
గుర్రం ఒక్క దూకు దూకితే ఆటకట్టు.

చూడలేదా?
చూసి, చెయ్యెత్తేలోపు
డాల్ఫిన్స్ నోస్ అవతల ఏ ఓడైనా కూత వేసిందా?
మోకు అందుకోడానికి లేచి వెళ్ళాడా?

సెల్లులు తీసేశాను. దీపం ఆరింది.
వెనిగరు, దూది, అరిగిన టూత్ బ్రష్షు.
ఒక ఆదివారమంతా పొక్కు గీకాను.
కొత్త సెల్లులేసి
బిల్లు చూసుకుంటూ ఆటంతా తిరిగి పేర్చాను.
"ఆ ఒక్కటీ నువ్వే వేసెయ్యకూడదా," అంది ఆవిడ.
పెన్సిలు కూడా తెచ్చి పక్కన పెట్టింది.

కిటికీలోంచి గాలి వస్తోంది.
అది ఎవరి వంతూ చూడదు,
రోజుకో ఎత్తు వేసుకుపోతుంది.
గుర్రం మీద తడి తుడిచి
ఉన్న గడిలోనే పెడుతున్నాను.
నీ వంతు, అంటోంది దీపం.
నన్ను కాదు.