క్లోజప్ వద్దన్నారు

కాశీబుగ్గలో మా మందిరానికి
కిందటి క్రిస్మస్‌కి పన్నెండడుగుల తెర వచ్చింది.
కెమెరా సంఘానిది,
తిప్పే చెయ్యి నాది.
పాస్టరు గారి కంటిచుక్క ఎప్పుడు రాలుతుందో
ఆయనకంటే ముందు నాకు తెలుస్తుంది.
అప్పుడు నెమ్మదిగా దగ్గరికి జరుగుతాను.
కీబోర్డు కుర్రాడూ ఆ సంగతి ఎరిగినవాడే.

నెలకో ఆదివారం బల్ల.
తెల్లగుడ్డ పరిచి, గోరంత గ్లాసులు పేర్చేది
తబితమ్మ.
పాత పేరు తవిటమ్మ.
ముందు పుట్టినవాళ్లు దక్కలేదని
పురిట్లోనే పక్కింటికి ఇచ్చేసి
చేటెడు తవుడు పోసి మళ్లీ కొనుక్కున్న పిల్ల.
"రెండుసార్లు కొన్నారు బావూ నన్ను,
ఓసారి తవుడిచ్చి, ఓసారి నెత్తురిచ్చి"
అని సాక్ష్యం చెప్పింది ఒకప్పుడు.
అప్పటికి తెర లేదు. రేకుల షెడ్డు.
వాన పడితే ప్రసంగం వినబడక
అది ఆగేదాకా అందరం పాడేవాళ్లం.

ముప్పై ఏళ్లు పిక్కల కార్ఖానాలో
జీడి తిన్న వేళ్లు ఆమెవి.
బూడిద రాసినా, కొబ్బరినూనె రాసినా
వదలని నలుపు.
పోయిన నెల బల్లనాడు తెరమీద
ఆ వేళ్లు రొట్టె కంటే పెద్దవిగా కనబడ్డాయి.
కొత్తగా వచ్చినవాళ్లెవరో మొహం తిప్పుకున్నారట.
సంఘపెద్ద నతానియేలు గారు,
రైల్వేలో రిటైరైనాయన,
నా భుజం మీద చెయ్యేసి, ప్రేమగానే,
"క్లోజప్ వద్దు నాన్నా" అన్నారు.
ప్లాస్టిక్ లిల్లీల మీదికి తిప్పాను.
షాటు బాగా వచ్చింది.
రొట్టె విరిచే వేళకి
తెరనిండా పూలు.

శుక్రవారం ఉపవాస ప్రార్థనకి ఆమె రాదు.
హాజరు పుస్తకంలో వరసగా సున్నాలు.
"చల్లారిపోయింది" అన్నారు స్త్రీల సమాజం వాళ్లు.
నేనూ తలూపాను.

ఇవాళ ప్రార్థన మధ్యలో మైకు వైరు కాలిపోతే
ఆరాధన బృందం తెల్లచొక్కాతోనే బజారుకి పరిగెత్తాను.
ఆసుపత్రి గేటు దగ్గర కనబడింది,
ఒక ముసలాయన చంకకింద తల దూర్చి
మెట్లెక్కిస్తూ.
నీలకంఠం అట. ఉద్దానం మనిషి.
కొబ్బరి చెట్లెక్కిన కాళ్లు
నీరుపట్టి స్తంభాలైపోయాయి.
వారానికి మూడుసార్లు సూది,
నాలుగేసి గంటలు,
తన నెత్తురే మిషన్లో తిరిగి తనకి.
నుదుట విభూది. మెళ్లో తావీదు.
మా సంఘం కాదు, ఆమెకి చుట్టమూ కాదు.
"మరి ప్రార్థనో?" అన్నాను, ఏమనాలో తెలీక.
"సేత్తన్నాను కదేటి" అంది.

లిల్లీల సంగతి చెప్పేయాలనుకున్నాను.
క్షమాపణకి మంచి మాటలే ఉన్నాయి నా దగ్గర,
స్లైడ్లలో పెట్టి పెట్టి నోటికొచ్చేసినవి.
"అమ్మా, మొన్న బల్లనాడు నేను..."
"తరవాత సెప్పుదూగాని. ఆ పక్క పట్టు.
రెక్క కాదు, నడుం."

పట్టాను.
ఎంత బరువో మనిషి.
సిలువ మొయ్యడం గురించి ఎన్ని స్లైడ్లు చేశానో,
వెనకాల సూర్యాస్తమయం పెట్టి.
అక్షరాలకి బరువుండదు.
పైమెట్టు మీద ఆయన వాంతి చేసుకున్నాడు
నా చొక్కా మీద.
నేను ఒళ్లంతా బిగబట్టాను.
ఆమె ముందు ఆయన మూతి తుడిచింది,
తర్వాత నా గుండీలు.
అప్పుడు చూశాను ఆ వేళ్లని, కెమెరా లేకుండా.
రెండింటికి గోళ్లే లేవు.

మైకు వైరు సంగతి మర్చిపోయాను.
ప్రార్థన మైకు లేకుండానే అయిందట,
ఎవరికీ ఏమీ తక్కువ కాలేదట.

ఎల్లుండి మళ్లీ బల్ల.
రాత్రి నతానియేలు గారు ఫోను చేశారు,
బరంపురం నుంచి కొత్త పూలు తెప్పించారట.
సరేనండీ అన్నాను.
ఆ సరే దేనికో నాకే తెలీదు.

చొక్కా ఉతికాను. మరక వదల్లేదు.
ఆదివారానికి వేరేది లేదు.