తేదీ వేయని కాగితం

డాక్టరు బల్ల మీద రెండు కాగితాలు పెట్టాడు.
ఒకదాని మీద మార్చి పద్దెనిమిది, ఉదయం ఎనిమిది.
రెండోదాని మీద
తేదీ ఉండాల్సిన చోట ఉత్త గీత.

"యస్నా, పెద్దాపరేషనే చేసేస్తే
నాకు రాత్రి నిద్ర పడుతుంది" అన్నాడు.
అబద్ధమాడే మనిషి కాదు. అందుకే కోపం రాలేదు.
నిద్ర ఎవరికి పట్టాలన్నదే కదా అసలు సంగతి
అనుకున్నాను, కిటికీలోంచి
కాస్త్రో ఓడరేవు మీద వాన చూస్తూ.

మొదటిది ఆడపిల్ల. ఎదురుకాళ్ళతో వచ్చింది.
దానికి ఎవరినీ తప్పు పట్టను.
రెండోవాడు బుద్ధిగా తల కిందికే పెట్టుకున్నాడు.
వాడి తప్పల్లా అక్క తర్వాత పుట్టడమే.
ఒకే గాటు మీద రెండోసారి.
ఆ గీత మీద వేలు పెడితే ఇప్పటికీ స్పర్శ లేదు,
ఎవరి ఒంటినో ముట్టుకున్నట్టు.

లెముయ్ దీవిలో నేను వలలు బాగుచేస్తాను.
సాల్మన్ చేపల పెంపకం వాళ్ళవి,
సముద్రసింహాలు చింపి వదిలినవి.
పదకొండేళ్ళుగా ఆ నీచు వాసన నా జుట్టులోనే.
షెడ్డులో అందరూ ధైర్యం చెబుతారు:
"మనం వేసిన ముడి ఎప్పుడైనా తెగిందా?
తెగితే దాని పక్కన తెగుతుంది గానీ."
నిజమే.
ఆ పక్కన అన్న మాటే
నన్ను రాత్రుళ్ళు లేపుతుంది.

నెలకోసారి తనిఖీకి ఒకడొస్తాడు.
వల కన్నుకి కొక్కెం తగిలించి
తెగేదాకా లాగుతాడు.
ముల్లు ఎక్కడ ఆగిందో రాసుకుంటాడు.
ఎంత మోసేదో తెగాకే తెలుస్తుంది.

డాక్టరు నా గర్భసంచి గోడని కొలిచాడు,
మిల్లీమీటర్లలో చెప్పాడు.
అది మందం. బలం ఎంత అన్నాను.
పెన్ను మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.
మరి మళ్ళీ కోస్తే? అన్నాను.
అతుక్కుపోయిన పేగులు, మూత్రసంచి,
పాత కుట్టులోకి వేళ్ళు దించే మాయ,
అవీ చెప్పాడు, కాస్త గొంతు తగ్గించి.
ఒక ప్రమాదాన్ని గట్టిగా, ఇంకోదాన్ని మెల్లగా.

"ఎందుకే నీకీ పట్టుదల?
కోసి తీసిన పిల్లలు నీ పిల్లలు కారా?" అంది మా అత్త.
అవును, నా పిల్లలే. ఇదేం పతకం కాదు.
మొదటి ఏడుపు రెండుసార్లూ
పచ్చ తెర అవతలి నుంచి విన్నాను,
పక్కింటి పిల్ల ఏడ్చినట్టు.
అంతకు మించి కారణం చెప్పమంటే
నా దగ్గర లేదు.
లేదంటే ఉంది, ఎంత మోస్తానో
తెగకుండా తెలుసుకోవాలని.

హెరిబెర్తో ఫెర్రీ మీద తాళ్ళు కట్టే పని చేస్తాడు.
"ఆఖరి ఫెర్రీ వెళ్ళాక నొప్పులొస్తే?" అన్నాడు.
నా ఒంటి గురించి అంత సూటి ప్రశ్న
ఇంకెవరూ వేయలేదు.
అందుకే నెల ముందు నుంచే
ఆసుపత్రికి రెండు వీధుల అవతల,
చిన్నమ్మ కూతురు నయాదెత్ ఇంట్లో
కుట్టుమిషను పక్కన నా మంచం.

పురుడు పోసే మిర్తా లావుపాటి మనిషి, నవ్వదు.
"నీకు పందెం కాసేవాళ్ళు వద్దు,
గడియారం చూసేవాళ్ళు కావాలి" అంది.
"నొప్పులు వాటంతటవి రావాలి. మందు పెట్టి తోయను.
పక్క గదిలో అన్నీ సిద్ధంగా ఉంటాయి.
లోపల గుండె చప్పుడు తగ్గిందా,
ఇక నిన్ను అడగను. సరేనా?"

అడగనని చెప్పడానికి
నన్ను అడిగింది.
అలా అడిగిన మొదటి మనిషి.

గీత ఉన్న కాగితం మీద సంతకం పెట్టాను.
తేదీ ఉన్నదాన్ని చింపలేదు.
మడిచి, అదే సంచిలో,
ఉన్ని టోపీ కింద పెట్టుకున్నాను.

చెల్లి ఏ రోజొస్తుందో చెప్పమంది మా పెద్దది,
క్యాలెండరు ముందు క్రేయాను పట్టుకుని.
తెలీదన్నాను.
నీకు కూడానా? అంది.
కాసేపు నన్నే చూసి,
నెల మొత్తానికీ
నారింజ రంగు వేసేసింది.