బయట చేసే పని

స్వర్ణోత్సవానికి పటాలం చరిత్ర రాయమన్నారు.
ఫోటోలతో కలిపి ఇరవై పేజీలు, అన్నారు కర్నల్ గారు.

నేను క్లర్కు హవల్దారుని. నాకు తెలిసిన చరిత్రల్లా
అల్సూరు బ్యారక్స్‌లో తుప్పుబీరువా,
అందులో చెదలు సగం చదివేసిన రిజిస్టరు.
పేరు, నంబరు, బూటు సైజు,
చివర ఎర్రసిరా గడి: బయట చేసే పని.

మునెప్ప: బట్టల మిల్లు, నేత ఖాతా.
ఎబినేజర్: కాక్స్ టౌన్, పియానోలు శ్రుతి చేయును
(రైఫిల్ బోల్టు లాగితే అది ఏ స్వరమో చెప్పేవాడు).
దస్తగిరి: సిటీబస్సు కండక్టరు. బూటు ఆరు.
మా స్టోర్లో ఏడుకి తక్కువ లేవు,
గుడ్డపేలికలు కుక్కుకున్నాడు.

ఏడాదికి రెండు నెలలు సిపాయిలం,
తక్కిన పదీ ఎవరి పొట్ట వాళ్ళది.
కవాతు మధ్యలో దస్తగిరి నోరుజారి
"రైట్, రైట్" అన్నాడోసారి.
మొత్తం ప్లటూను కదిలింది.
సుబేదారు తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

యుద్ధం వచ్చిన ఏడు
ఎక్కడో ఉత్తరాన రైలు వంతెనకి కాపలా పెట్టారు.
పదకొండు నెలలు.
శత్రువు రాలేదు.
వాన వచ్చింది.

గేటు దగ్గరి రాతిపలక మీద దస్తగిరి లేడు.
తగిలింది తూటా కాదు గదా, ఏరు.

కర్నల్ గారు ఆ పేజీ కొట్టేశారు,
కాగితం మీద ఆధారమేదీ అని.
స్టోరు జమ పుస్తకం తెచ్చి ముందు పెట్టాను.
దస్తూరీ నాదే, సంతకమూ నాదే:

బూటు. ఎడమది. సైజు ఏడు. ఒకటి.
తడిసినది. లోపల గుడ్డపేలికలు.