గోరు చప్పుడు

గట్టిపడ్డ మంచు మీద కుక్క గోళ్ళ చప్పుడు వేరు,
ఎండిన చర్మం మీద పిల్ల గోళ్ళ చప్పుడు వేరు.
రెండూ వినిపించే ఇల్లు మాది.
మొదటిది మా ఆయన బతుకుతెరువు.
రెండోది మా రాత్రి.

ఒంటి మీద పొక్కు లేదు, దద్దురు లేదు,
మందు రాయడానికి చోటు చూపించదు ఈ దురద.
కాలేయంలోంచి కిందికి దిగాల్సిన పసరు
దారి దొరక్క నెత్తుట్లోకి ఎక్కిందని
పడవలో వచ్చిన డాక్టరు కాగితం మీద గీశాడు:
ఒక ఏరు, ఒక అడ్డుకట్ట.
మా ఏరు ఏడాదిలో ఎనిమిది నెలలు గడ్డకట్టే ఉంటుంది.
అయినా అర్థమైంది.

సబీనేకు ఆరేళ్ళు.
చేతులకు సీల్ తోలు తొడుగులు, మణికట్టు దగ్గర ముడి.
తెల్లారేసరికి పంటితో విప్పేసేది.
దిండు గలీబు మీది ఎర్రచుక్కల్ని
చన్నీళ్ళలోనే నానబెట్టమంది మా అత్త,
వేడినీళ్ళకు నెత్తురు మరక మొండికేస్తుందట.
ఆ సంగతి ఆమెకెలా తెలుసో
అప్పుడు అడగలేదు.

రాత్రి రెండింటికి ఎసెకియాస్ లేచేవాడు.
కిటికీ తెరిచి గుప్పెడు మంచు తీసి
గుడ్డలో చుట్టి పిల్ల అరికాళ్ళకు అద్దేవాడు.
పది నిమిషాల ఊరట.
"నాన్నా, పైన కాదు, లోపల గోకు" అనేది.
లోపలికి ఏ చెయ్యి పోతుంది?

మందొకటి వచ్చిందన్నారు.
పేగు దగ్గర కాపు కాసి
వెనక్కి మళ్ళే పసరును బయటికి పంపేస్తుందట.
కాలేయాన్ని మాత్రం బాగుచెయ్యదు,
ముందే చెప్పారు, రెండుసార్లు చెప్పారు.
బరువును బట్టి మోతాదు.
క్లినిక్కులో కాటా చలికి చచ్చిపోతే
చేపల కాటా మీద తూచాం పిల్లని:
పదిహేను కిలోల మూడు వందలు.
మొన్నటి హాలిబట్ ఇంతకంటే బరువని
ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

హెలికాప్టరు మంగళవారం రావాలి.
మంగళవారం పొగమంచు.
గురువారం గాలి.
ఆ పై వారం ఇంకేదో.
రాలేదని చెప్పడానికే
నర్సు రూత్ ఊరి ఆ చివర నుంచి నడిచి వచ్చేది,
బూట్లు విప్పకుండా గుమ్మంలోనే చెప్పి వెళ్ళేది.

వచ్చింది.
గుళిక విప్పి తెల్లటి గింజలు జావలో చల్లాను.
మొదటి వారం విరేచనాలు.
రెండో వారమూ గోరు చప్పుడే.
డబ్బా మీది కాగితం మళ్ళీ మళ్ళీ చదివాను,
దేవుణ్ణి తిట్టాను,
ఆదివారం చర్చికీ వెళ్ళాను.

మూడో వారంలో ఒక రాత్రి
కుక్కలు మాత్రమే వినిపించాయి.

రెండింటికి ఎసెకియాస్ అలవాటుగా లేచాడు.
గుప్పెడు మంచుతో మంచం పక్కన నిలబడ్డాడు.
అది ఎవరికివ్వాలో తెలియక
వేళ్ళ సందుల్లోంచి నేల మీదికి కారనిచ్చాడు.

మా అత్త అమాలియే పిల్లను అక్కా అని పిలుస్తుంది.
పోయినవాళ్ళ పేరు పుట్టినవాళ్ళకు పెడతాం మేము,
పేరుతో పాటు చుట్టరికమూ దిగుతుంది.
మొదటి సబీనే అత్తకు తోడబుట్టింది.
పసుపు కళ్ళు. పేరు లేని జబ్బు.
ఏడేళ్ళకే పోయింది.
రాత్రిళ్ళు చేతులు కట్టేసేవారట, ప్రేమతోనే.
ఐదేళ్ళ అత్త చీకట్లో పాక్కుంటూ వెళ్ళి
ఆ తాడు విప్పేదట.
చేసింది మేలో కీడో
అరవై అయిదేళ్ళుగా తేల్చుకోలేకపోయింది.
ఇదంతా ఆ రాత్రే చెప్పింది నాకు,
పొయ్యి వైపు చూస్తూ.

పిల్ల కళ్ళు ఇంకా పసుపే.
ఆపరేషన్ గురించి కోపెన్‌హాగన్ నుంచి వచ్చిన ఉత్తరం
ఇంకా అల్మారా మీదే ఉంది.

అత్త వెళ్ళి పిల్ల పక్కన ఒరిగింది.
తొడుగుల ముడి విప్పింది.
"అక్కా, తగ్గిందా?"

సగం నిద్రలో పిల్ల అడిగింది:
"నీకెక్కడ దురద?"

అత్త ఏమీ అనలేదు.
అటు తిరిగి
వీపు ఇచ్చింది.