డ్రైవర్ సీటు

బొగత ఎట్లుంటదన్నా అని అడిగితే
తడిగుంటది అని చెప్పేటోణ్ణి.
అంతకుమించి నాకు తెల్వదు.

ఏడేండ్ల సంది ఇదే బాట.
చీకటితోని హన్మకొండల ఎక్కించుకుంట,
ములుగుల ఇడ్లీ,
బుస్సాపూర్ కాడ మర్రితే లక్నవరం.
ఊగే వంతెన మీద వాళ్లు ఫొటోలు దిగేదాక
కట్ట మీద నేను టైర్ల గాలి చూసుకుంట.
తాడ్వాయి అడవిల ఏసీ బంద్ చేపిచ్చి
ఆకుల వాసన, ఆకుల వాసన అంటరు.
ముల్లకట్ట కాడ గోదారిల రూపాయి బిళ్ల ఇసిరి
ఏం మొక్కుకున్నరో చెప్పరు.
వాజేడు దాటినంక అందరికీ ఒకటే తొందర.
పార్కింగ్ చీటీ నా చేతుల పెట్టి
మెట్లు దిగి మాయమైతరు.

నేను సీటు ఎనుకకు వంచి పండుకుంట.
చెట్ల అవతల
వెయ్యి చాటలు ఒక్కపారే వడ్లు చెరుగుతున్న చప్పుడు.
ఆ చప్పుట్ల నిద్ర మంచిగ పడతది.

మళ్లొచ్చినోళ్లు
బొగతను నా సీట్ల మీద ఇడిసి పోతరు.
బ్యాంకు సారు కూసున్న కాడ చెరువంత మరక,
కాజీపేట పిలగాండ్లు కూసున్న కాడ ఇసుక.
కొత్త జంట ఒకటి దిగినంక చూస్తే
రెండు మరకల నడుమ
జానెడు పొడి జాగ.
పొద్దున అది లేకుండె.
ఎంజీఎం నర్సు ఫిలోమినమ్మ ఒక్కతే
"నీ సీటు ఖరాబైతది తమ్మీ" అని
తువ్వాల పరుసుకొని కూసున్నది.

రాత్రి రంగశాయిపేటల
నాలుగు తలుపులు తెరిచి ఆరబెడితే
స్వరూప సీటు మీద చెయ్యేసి
"ఇయ్యాల నీళ్లు జోరుమీదున్నట్టున్నయి" అంటది.
ఆమె కూడ చూడలే.

మొన్న ఇప్పపూలు రాలే దినాలల్ల
పరీక్షల సారును వాజేడు బడికాడ దింపి
ఒక్కణ్ణే మర్రుతున్న.
స్టీరింగ్ అటెందుకు తిప్పిన్నో తెల్వదు.
"ఇప్పుడేముందే, వానలు పడ్డంక రా"
గేటు కాడాయన నవ్విండు, చీటీ కూడ చింపలే.

మెట్లు లెక్కబెడదామనుకొని
నడుమల మర్చిపోయిన.

నల్లటి బండ. ఇంత పెద్ద బండ.
దాని మీదికెల్లి
లొట్టి వంచితే పడే కల్లంత ధార.
కింద పాకురు పట్టిన మడుగు,
అంచున ఒక కోతి నీళ్లు తాగుతున్నది,
నన్ను చూసి జరగలే.
ఏడేండ్లు నన్ను జోకొట్టిన చప్పుడు
గిదేనా అనుకున్న.

ఫొటో దియ్యలే.
అంగీ ఇడువకుండనే కింద కూసున్న.
నెత్తి మీద ఒక చుక్క, ఆగి ఇంకో చుక్క,
అంగట్ల ముసలామె చిల్లర లెక్కబెట్టి
చేతుల పెట్టినట్టు.
నాకేం తొందర లేకుండె.
హారన్ కొట్టేటోళ్లు ఎవ్వరు లేకుండె.

ఇంటికొచ్చినంక అలవాటు కొద్ది
స్వరూప నాలుగు తలుపులు తెరిచింది.
ఎనుక సీట్లు పొడి.
పక్క సీటు పొడి.
నూట ముప్పై కిలోమీటర్ల గాలి తగిలినా
నా సీటు నడుము కాడ ఇంకా చల్లగున్నది.
చెయ్యి అట్లనే ఉంచి నా దిక్కు చూసింది.

"ఎట్లుంది?" అన్నది.

చెప్పుదామని నోరు తెరిచిన.
తడిగుంది అన్న.